చట్టమును గృహమును

దేశమున నొక దురాచారము తొలగుటకు రెండు కార్యములు జరుగవలెను. మొదటిది శాసనము మాఱుట. రెండవది ఇల్లు మాఱుట. మొదటిది యొక్క దినమున జరుగవచ్చును. రెండవదానికి ఒక్కొకప్పుడు తరములు పట్టును. వితంతు వివాహమును చట్టసమ్మత మొనర్చిన శాసనము 1856వ సంవత్సరమున వెలువడెను. కాని రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. నడుమ నిరువదియైదేండ్లు గడచినవి. ఆ యిరువదియైదేండ్లును శాసనము అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పినవారు ఇరుగుపొరుగువారు, కులపెద్దలు, చుట్టములు. పంతులుగారి యింట వంటవారును నీళ్లు మోయువారును పని మానుకొనగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు తెచ్చి, తామే వంట చేసి, ఆ కార్యమును నిలువబెట్టిరి. వాదించి గెలిచినది భర్త. గెలిచినదానిని ఇంటిలో బ్రదికించినది భార్య. ఈ సంగతిని మేము ముందుగా స్మరించుటకు కారణము కలదు.

నేడు మన యిండ్లలో అటువంటిదే మఱియొక ప్రశ్న నిలిచియున్నది. కొందఱు బాలురకు యౌవనము వచ్చుసరికి మనస్సు బాలికలవైపు గాక బాలురవైపే మొగ్గును. కొందఱు బాలికలకు బాలికలయందే యనురాగము కలుగును. మఱికొందఱు తమ దేహమును జూచి లోకము తమకిచ్చిన స్త్రీత్వమో పురుషత్వమో తమది కాదని లోలోపల నెఱుగుదురు. వీరి విషయమున శాసనము చాలవఱకు మాఱినది. ఇల్లు మాఱినదా? మాఱకున్నచో నందుకు బాధ్యులెవరు? మేమిచట విచారింపదలచినది ఈ ధర్మసందేహమునే.

మొదట మాటను గుఱించి యొక మాట. మన పత్రికలు వీరిని సామాన్యముగ 'స్వలింగసంపర్కు'లని వ్రాయుచుండును. ఆ పదము మనుష్యుని ఒక్క శారీరకక్రియకు కుదించివేయుచున్నది. భార్యాభర్తల దాంపత్యమును మన మట్లు ఒక్క క్రియ పేరుతో పిలుచుట లేదు గదా! జ్వరము వచ్చిన రాత్రి మేలుకొని కూర్చుండుట, నెలాఖరున ఇద్దఱును గూర్చుండి లెక్కలు చూచుకొనుట, ఒకరి తల్లిని మఱియొకరు ఆస్పత్రికి తీసికొనిపోవుట—ఇదంతయు దాంపత్యమే. వీరు కోరుకొనునదియు నదియే. కావున మేము 'స్వలింగానురాగు'లను మాటను వాడుదుము. పుట్టుకనాడు తమకు వ్రాయబడిన లింగము తమది కాదనువారికి 'ట్రాన్స్‌జెండర్' అను మాట వాడుకలోనికి వచ్చినది. ఈ రెండును వేఱు. మొదటిది తా మెవరిని ప్రేమింతురను విషయము. రెండవది తా మెవరను విషయము. బడులలోను వీథులలోను వీరిపై విసరబడు మాటలను మేమిచట వ్రాయము. చదువరులు వానిని ఎఱుగుదురు. పొరుగున నున్న తమిళనాడు ప్రభుత్వము 2022లో వీరిని గౌరవముగ పేర్కొనుటకు దగిన పదముల పట్టికను ప్రకటించినది. భాషలో గౌరవమైన పేరు దొరకనివానికి ఇంటిలో గౌరవమైన చోటు దొరకుట దుర్లభము.

ఇక శాసనచరిత్రను సంగ్రహముగ చెప్పుదుము. 1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను 'ప్రకృతివిరుద్ధ' సంభోగమునకు యావజ్జీవశిక్షవఱకు విధించెను. దీని మూలము మన ధర్మశాస్త్రములలో లేదు. ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీ కాలమున, 1533లో, పుట్టిన శాసనమున నున్నది. ఆ ఇంగ్లండే 1967లో తన చట్టమును సడలించుకొనినను, వారు మనకు వదలిపోయిన సెక్షనును మన మరువదియేండ్లకు పైగా కాపాడుకొంటిమి. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు, పెద్దలైనవారు ఇష్టపూర్వకముగ ఏకాంతమున నుండుట నేరము కాదనెను. 2013 డిసెంబరు 11న సుప్రీముకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. నాలుగేండ్లు తలదాచుకొనక తిరిగినవారు ఒక్క ప్రొద్దుటిలో మఱల నేరస్థులైరి. పిమ్మట 2017 ఆగస్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకాంతజీవనపు హక్కును మౌలికహక్కుగ నిర్ణయించిరి. 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగ, పెద్దల యిష్టపూర్వకమైన సాంగత్యమును 377వ సెక్షను నుండి తప్పించిరి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన క్రొత్త న్యాయసంహితలో ఆ సెక్షనే లేదు.

తెలుగునాటను ఇట్టి చరిత్ర కలదు. నిజాము రాజ్యమున 1919లో నొక శాసనము వెలువడెను. అది హిజ్రాల పేరులను పట్టికలోనికి ఎక్కింపుమనుచు, వారు స్త్రీవేషమున బహిరంగస్థలములందు కనబడినచో వారంటు లేకయే నిర్బంధింప వీలుకల్పించెను. దానిని రాజ్యాంగవిరుద్ధమని తెలంగాణ హైకోర్టు కొట్టివేసినది 2023 జూలైలో. ఈ నడుమ, 2014లోనే, తాము స్త్రీయో పురుషుడో తృతీయలింగమో నిర్ణయించుకొను హక్కు ఆ మనుష్యునిదే యని సుప్రీముకోర్టు చెప్పియుండెను. వివాహపు హక్కు మాత్రము దొరకలేదు. హైదరాబాదున కాపురమున్న యొక జంట మొదటి యర్జీదారులుగ నడచిన వ్యాజ్యమున 2023 అక్టోబరు 17న సుప్రీముకోర్టు, వివాహము మౌలికహక్కు కాదనియు, ఆ పని శాసనసభలదనియు తేల్చెను.

2018నాటి తీర్పులో న్యాయమూర్తి ఇందు మల్హోత్రాగారు, చరిత్ర వీరికిని వీరి కుటుంబములకును క్షమాపణ చెప్పుకొనవలసియున్నదని వ్రాసిరి. 'కుటుంబములకును' అన్న మాట యొద్ద మేము చాలసేపు ఆగితిమి. ఆ కుటుంబములు బాధితులే, సందేహము లేదు. కాని బాధ పెట్టినవారిలోను అవి లేవా?

వయస్సు పదునాఱేండ్ల బాలుని తలచుకొనుడు. బడిలో వాని నడకను, గొంతును వెక్కిరింతురు. వెక్కిరించినవారిని ఉపాధ్యాయుడు మందలింపడు. తానును నవ్వి యూరకుండును. ఇతర బాలుడు బడిలో దెబ్బ తిన్నచో ఇంటికి వచ్చి తల్లితో చెప్పుకొనును. కులమునుబట్టి అవమానింపబడిన బిడ్డకు ఇంటిలో నదే కులపు తల్లిదండ్రులుందురు. బీదతనమునుబట్టి అవమానింపబడిన బిడ్డకు ఇంటిలో నదే బీదతనమును పంచుకొనువారుందురు. ఈ బాలునికి మాత్రము, తనవంటివాడు ఇంటిలో నొక్కడును కానరాడు. బయట తనను కొట్టిన మాటనే తండ్రి భోజనముచేయుచు సినిమాలోని పాత్రనుగూర్చి హాస్యమునకు పలుకును. ఆనాటినుండి వాడు లెక్కపెట్టుకొని మాటలాడును. ఇంటిలోనుండియే వాడు పరాయివాడగును. తక్కిన కష్టములన్నిటికంటె ఈ కష్టము వేఱైనది. దీనికి చట్టము మందు వేయలేదు.

సంగతి బయటపడిన పిమ్మట జరుగు తంతు మనకు క్రొత్తది కాదు. మొదట కోపము, పిమ్మట కన్నీరు, పిమ్మట తాయెత్తు, పిమ్మట వైద్యుడు. ఇచట వైద్యశాస్త్రమేమనుచున్నదో స్పష్టముగ చెప్పవలెను. అమెరికా మనోవైద్యసంఘము 1973లోను, ప్రపంచ ఆరోగ్యసంస్థ 1990లోను స్వలింగానురాగమును రోగముల పట్టికనుండి తొలగించినవి. మన దేశపు మనోవైద్యసంఘమును 2018లో ఇది రోగము కాదని ప్రకటించెను. రోగము కానిదానికి చికిత్స యుండదు. దీనిని 'మాన్పెద'మని చెప్పు వైద్యము వృత్తిధర్మమునకు విరుద్ధమని జాతీయ వైద్యసంఘము 2022లో రాష్ట్రములకు వ్రాసెను. సమాజపు నీతినియమములకు ఒదుగలేదను కారణమున నెవ్వరినిగాని మనోరోగియని నిర్ణయింపరాదని 2017 నాటి మానసికారోగ్య శాసనము చెప్పుచున్నది. ఇంత చెప్పినను, 'ఒక్కసారి చూపించిన తప్పేమి?' యని తల్లిదండ్రులు బిడ్డను లాగుకొనిపోవుచుందురు. తప్పు కలదు. నీవు నీవుగా నుండుటయే జబ్బని ఆ బిడ్డకు కన్నవారి నోటనే చెప్పించుట చిన్న తప్పు కాదు.

ఇక ఆక్షేపణలను చూతము. ఇది పడమటినుండి వచ్చిన విపరీతమని కొందఱందురు. పడమటినుండి వచ్చినది శిక్ష, మనుష్యులు గారు. వాత్స్యాయనుని కామసూత్రములలో తృతీయాప్రకృతి యను మాట కలదు. విరాటుని కొలువున బృహన్నలయు, కురుక్షేత్రమున శిఖండియు మనము చిన్ననాటినుండి విన్న కథలే. ఐనను మేము శాస్త్రమును చేతబట్టి గెలువదలచుకొనలేదు. మనుస్మృతిని తెఱచినచో, ఒకచోట సచేలస్నానముతో పోవు స్వల్పదోషముగను, వేఱొకచోట జాతిభ్రంశకరముగను, కన్యల విషయమున కఠినదండనార్హముగను చెప్పబడియున్నది. ఎవరికి వలసిన శ్లోకము వారికి దొరకును. వితంతు వివాహమునకు విద్యాసాగరులు పరాశరస్మృతిని చూపిరి; కాని ఆయనను కదలించినది ఆ స్మృతి గాదు, బాలవితంతువుల కన్నీరు. దయ ముందు పుట్టినది; ప్రమాణము పిమ్మట దొరకినది. ఇచటను అదియే క్రమము.

ఇది ప్రకృతివిరుద్ధమని మఱికొందఱందురు. పొట్టేళ్లు మొదలుకొని అనేకజంతువులలో నిది కానవచ్చుచున్నదని జీవశాస్త్రజ్ఞులు వ్రాసియున్నారు. కావున ప్రకృతిలో నున్నదే. కాని ప్రకృతిలో నున్నంతమాత్రమున నేదియు ధర్మము గాదు. లేనంతమాత్రమున నధర్మమును గాదు. కండ్లద్దములు ప్రకృతిలో లేవు. క్రౌర్యము ప్రకృతిలో కావలసినంత యున్నది. ధర్మమును కొలువవలసిన కొలబద్ద వేఱు: ఈ పనివలన నెవరికి హాని? ఇద్దఱు పెద్దలు ఇష్టముతో కలిసి బ్రదుకుటవలన మూడవవానికి కలుగు హానిని మాకింతవఱకు నెవరును చూపలేదు.

వంశము నిలువదను బాధ మాత్రము నిజమైన బాధ. దానిని మేము తేలికగా త్రోసివేయము. మనుమని నెత్తుకొనవలెనని తల్లి కోరుట తప్పు కాదు. ఐనను సంతానము లేని దంపతులను మనము పాపులనుట లేదు, ఆజన్మబ్రహ్మచారులకు నమస్కరించుచున్నాము. వారి విషయమున క్షమింపబడినది ఈ బిడ్డ విషయమున నేల క్షమింపబడదు? ఈ ప్రశ్నను పట్టి లాగినచో అడుగున తేలునది వంశము కాదు, పరువు. నలుగురేమనుకొందురను భయము. ఆ నలుగురు ఎవరని విచారించినచో, మనవలెనే భయపడుచున్న మఱి నలుగురు మాత్రమే. ఇట్లు ఒకరి భయమును మఱియొకరు కాపాడుకొనుచు ఊరంతయు కాపలా కాయుచున్నది.

ఈ భయము చేయించు పనులలో మిక్కిలి ఘోరమైనది వివాహము. 'పెండ్లిచేసిన నన్నియు సర్దుకొనును' అని చెప్పి, స్త్రీయందు అనురాగము కలుగని యువకునికి ఒక యమాయికురాలిని కట్టబెట్టుదురు. ఆ పిల్ల తనలో నేదో లోపమున్నదని యేండ్లకొలది కుమిలిపోవును. భర్త మంచివాడే, తిట్టడు, కొట్టడు, దగ్గఱకు మాత్రము రాడు. ఆమె ఎవరితో చెప్పుకొనును? చెప్పుకొన్నచో, 'నీవే వానిని ఆకట్టుకొనలేకపోతి' వని తల్లియే యనును. పురుషునియందు మనస్సు నిలువని కన్యకు బలవంతపు పెండ్లి చేసినప్పుడు జరుగునది యింతకంటెను దారుణము. దానిని వివరింప నక్కఱలేదు. బాల్యవివాహమును ఖండించితిమి, కన్యాశుల్కమును ఖండించితిమి, ఇష్టము లేని పెండ్లి పెండ్లియే కాదని మన సంస్కర్తలు చెప్పగా చప్పట్లు కొట్టితిమి. ఈ పెండ్లి ఆ జాతిలోనిదే. ఒక యింటి పరువును నిలుపుటకు రెండు జీవితములను వెలగా నిచ్చుట, అందులో నొకటి తమది కాని పరులబిడ్డ జీవితమగుట, ఏ ధర్మము? సత్యము చెప్పి సంబంధము మానుకొన్న తండ్రి పరువు పోయినదని లోకమనవచ్చును. దాచి పెండ్లి చేసిన తండ్రి మోసము చేసినాడని మేమందుము.

తెలియనిదానిని తెలిసికొనుటకు సిగ్గుపడనక్కఱలేదని చెప్పుటకు మద్రాసు హైకోర్టులో జరిగిన యొక సంగతిని చెప్పుదుము. మధురనుండి ఇద్దఱు యువతులు తల్లిదండ్రులకు వెఱచి చెన్నపట్టణము చేరి రక్షణ కోరిరి. విచారించిన న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్‌గారు, ఈ విషయమున తనకు తగిన జ్ఞానము లేదని బహిరంగముగ నొప్పుకొని, తీర్పు చెప్పుటకు ముందు తానే యొక మనస్తత్త్వవేత్త కడ కూర్చుండి పాఠము చెప్పించుకొనిరి. 2021 జూన్ 7న వెలువడిన యుత్తరువులో అట్టివారిని పోలీసులు వేధింపరాదనియు, 'మార్చెద'మను వైద్యములు నిషేధింపవలెననియు ఆదేశించిరి. హైకోర్టు న్యాయమూర్తి విద్యార్థి కాగలిగినప్పుడు, మన యింటి తండ్రికి కలుగు చిన్నతన మేమి? పిల్లల కొఱకు పాఠములు నేర్చుట మన కెన్నడును అవమానము కాలేదు గదా.

నేర్చిన తల్లిదండ్రులును లేకపోలేదు. 377వ సెక్షను వ్యాజ్యము సుప్రీముకోర్టునకు వచ్చినప్పుడు కొందఱు తల్లిదండ్రులు తమ బిడ్డల పక్షమున న్యాయస్థానము ముందు నిలిచిరి. ఒక హైకోర్టునకు ప్రధాన న్యాయమూర్తియైన తొలి మహిళ లీలా సేఠ్‌గారు, కవియు నవలారచయితయునైన విక్రమ్ సేఠ్ తల్లి, 2013నాటి తీర్పు వెలువడిన పిమ్మట తల్లిగను న్యాయమూర్తిగను దానిని విమర్శించి వ్రాసిరి. 2023లో 'స్వీకార్' అను తల్లిదండ్రుల సంఘము తరఫున నాలుగువందలమందికి పైగా, తమ బిడ్డలకు వివాహపు హక్కు కలుగవలెనని ప్రధాన న్యాయమూర్తికి లేఖ వ్రాసిరి. వీరందఱును మొదటినాడే సంతోషించిరని మేమనుకొనము. తల్లిదండ్రులకును కాలము కావలెను. ఎన్నియో యేండ్లు అల్లుకొన్న యాశ ఒక సాయంకాలమున విడిపోయినప్పుడు ఏడ్పు వచ్చుట సహజము. ఏడువవచ్చును. కాని ఆ యేడ్పును బిడ్డపై శిక్షగ మోపరాదు. ఏండ్లు ఒంటరిగ మోసిన బరువును బిడ్డ ఆనాడు మొదటిసారి మన ముందు దించినాడు. నమ్మకము లేనిచో దించియుండునా?

అట్లైన నింటిలో చేయవలసిన దేమి? పెద్దపెద్ద కార్యములు గావు. మొదటిది, భోజనాల కడ ఆ హాస్యమును మానుట. మన యింటిలో నెవరు వినుచున్నారో మనకు తెలియదు. రెండవది, బిడ్డ చెప్పినప్పుడు మధ్యలో అడ్డుపడక వినుట; 'నీవు మా బిడ్డవే' యను నాలుగు మాటలు ఆ రాత్రియే చెప్పుట. తక్కిన సందేహములు మఱునాటికి వాయిదా వేయవచ్చును. ఆ మాటను మాత్రము వాయిదా వేయరాదు. మూడవది, బిడ్డ యనుమతి లేక చుట్టములకు చెప్పకుండుట. ఆ రహస్యము వానిది. మనకు దాచుకొనుటకు ఇచ్చినది మాత్రమే. నాలుగవది, గదిలో నిర్బంధించుట, చదువు మాన్పించుట, త్వరత్వరగా సంబంధము చూచుట—వీనిని తలంపునకే రానీయకుండుట. పెద్దవాడైన బిడ్డను ఇంట చెఱ పెట్టినచో న్యాయస్థానము ప్రశ్నించును. 2024 మార్చిలో సుప్రీముకోర్టు, అట్టి వ్యాజ్యములలో న్యాయమూర్తులు ఆ వ్యక్తిని ఏకాంతమున విచారింపవలెననియు, వారి స్వభావమును మార్పజూడరాదనియు సూచనలు చేసినది. కాని చట్టమునకు వెఱచి మానుట కంటె ప్రేమచేత మానుట మేలు.

బడికిని బాధ్యత కలదు. ట్రాన్స్‌జెండర్ బాలబాలికలను బడిలో నెట్లు ఆదరింపవలెనో ఉపాధ్యాయులకు బోధించు నొక పుస్తకమును జాతీయ విద్యాపరిశోధన మండలి 2021లో ప్రకటించి, అభ్యంతరములు రాగానే కొలదిదినములలో తన వెబ్‌సైటునుండి తొలగించెను. పుస్తకమును తొలగింపవచ్చును, ఆ బిడ్డలు మాత్రము మా తరగతులలో వెనుకబల్లలపై కూర్చుండియే యున్నారు. పుస్తకము లేకున్నను ఉపాధ్యాయుడు చేయగలిగినది కలదు. వెక్కిరింత విన్నప్పుడు పాఠము ఆపి, 'ఈ గదిలో ఆ మాట చెల్లదు' అనుటకు ఏ ప్రభుత్వపు టుత్తరువును అక్కఱలేదు.

న్యాయస్థానములు ఇది నేరము కాదని చెప్పినవి. ఇది సిగ్గు కాదని చెప్పవలసినవారు న్యాయమూర్తులు గారు. చెప్పినను వారి మాట మన వంటయింటివఱకు రాదు. 1856కును 1881కిని నడుమ గడచిన యిరువదియైదేండ్లలో ఎందఱు బాలవితంతువులు చట్టము తమ పక్షమున నుండగనే మూలగదిలో బ్రదుకు వెళ్లబుచ్చిరో లెక్క వ్రాసినవారు లేరు. 2018 నుండి గడచుచున్న యేండ్లకును అట్టి లెక్కయే మిగులునో లేదో అది మన చేతిలోని పని. శాసనము పుట్టు వఱకు రాజును తప్పుపట్టవచ్చును. అది పుట్టిన పిమ్మట తప్పు గృహస్థునిదే.